బీరు రొట్టె, గోలీసోడా, తరవాణి కుండ

మొన్నామధ్య ఒక శనివారం పొద్దున్నే బీరుతో రొట్టె చేద్దామని బుద్ధి పుట్టింది. నవ్వకండి, సీసా తెచ్చింది తాగడానికి కాదు, నిజంగా రొట్టెలో పోయడానికే. మా టీములో ఒకమ్మాయి ఇంట్లో చేసి ఆఫీసుకు తెచ్చింది. తిన్నాను, బాగుంది, ఎలా చేశావని అడిగాను. చెప్పింది విని ఆశ్చర్యపోయాను. అంత సులువు!

మూడు కప్పుల మైదా, నాలుగున్నర చెంచాల బేకింగ్ పౌడరు, చెంచా ఉప్పు, మూడు చెంచాల పంచదార, 330 మిల్లీలీటర్ల చిన్న బీరు సీసా ఒకటి. గరిటెతో కలిపి టిన్నులో వేసి, 190 డిగ్రీల దగ్గర యాభై నిమిషాలు ఓవెన్లో పెట్టడమే. పిసకడం లేదు, పొంగేదాకా కాపలా కాయడం లేదు. ఇంజినీరుగాడికి ఇంతకన్నా ఏం కావాలి?

మేముండేది రావిర్యాల వైపు. ఔటర్ రింగు రోడ్డు పదమూడో ఎగ్జిట్ దగ్గర దిగితే వండర్‌లా కనబడుతుంది కదా, ఆ చుట్టుపక్కలే. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు తెరిచాక ఇక్కడ భూముల ధరలకు రెక్కలొచ్చాయి. 2016లో వండర్‌లా వచ్చాక ఇంకా పెరిగాయి. మాకు పాలు, కూరగాయలు దొరకడం కాస్త కష్టం గానీ బీరు మాత్రం దగ్గర్లోనే దొరుకుతుంది. ఆ లెక్కన బీరు రొట్టె మా ఏరియాకి సరిగ్గా సరిపోయే వంటకం :-)

సీసా తెచ్చి గట్టు మీద పెట్టానో లేదో అమ్మ వచ్చింది. మాది నెల్లూరు జిల్లా. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది.

"ఏందిరా అది?"

"బీరమ్మా. రొట్టెలోకి."

"ఆ సీసా నా వంటింట్లోకి తేబాకు."

నేను చదువుకున్నవాణ్ణి కదా, లెక్క చెప్పడం మొదలెట్టాను. 330 మిల్లీలీటర్లలో ఐదు శాతం అంటే ఆల్కహాలు మొత్తం పదహారున్నర మిల్లీలీటర్లు. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల పట్టిక ప్రకారం, పిండిలో కలిపి గంట కాల్చితే నాలుగో వంతు మిగులుతుంది. అంటే నాలుగు మిల్లీలీటర్లు. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకు మిల్లీలీటరులో మూడో వంతు. అంతెందుకు, ఈస్టు వేసి చేసిన మామూలు బ్రెడ్డులో కూడా కాస్త ఆల్కహాలు ఉంటుంది, అది పుట్టకుండా పిండి పొంగదు.

అమ్మ అంతా విని ఒకటే మాట అంది. "లెక్కలు నాకు చెప్పబాకు నాయనా. మా తమ్ముడూ చెప్పేవాడు లెక్క, రోజుకు ఒక్క ప్యాకెట్టేనని."

ఇక నేను మాట్లాడలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆ ప్యాకెట్టు సారా ప్యాకెట్టు. ఎన్టీఆర్ మొదటిసారి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో వచ్చిన వారుణి వాహిని పథకంతో సారా ప్లాస్టిక్ సంచుల్లో ప్రతి పల్లెకీ చేరింది. చిన్న మామయ్య రెండెకరాల మాగాణి ఆ సంచుల్లోనే పోయింది. తరవాత ఆయనా పోయాడు. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు కూడబలుక్కున్నారు. దూబగుంటలో రోశమ్మగారూ ఆమెతోటి ఆడవాళ్లూ సారా కొట్టు మూయించిన సంగతి ఊరూరా పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి, ఆడవాళ్లు పాట జరగనిస్తేగా! మా ఊళ్లో కొట్టు ముందర కూర్చున్నవాళ్లలో అమ్మ ఒకతి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అన్నం నాన్న వండేవాడు.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతా. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, దాంతో బీరు కూడా బందు. సారా సంచులు ఊరూరికీ పంపించిన ఎన్టీఆరే ఆ ఫైలు మీదా సంతకం పెట్టాడు. 1997లో నిషేధం ఎత్తేశారు. సారా మటుకు తిరిగి రాలేదు, మిగతావన్నీ వచ్చాయి.

కాబట్టి అమ్మ మాటకు చరిత్ర ఉంది. నేను ఓవెన్ తీసుకెళ్లి వాష్ ఏరియాలో పెట్టుకున్నాను. ప్రొడక్షన్ జోలికి పోకుండా టెస్టు ఎన్విరాన్‌మెంటు వేరే పెట్టుకున్నానన్నమాట.

సరే, ప్రయోగాలకొద్దాం. నాలుగు వారాంతాల్లో నాలుగు బీర్లు మార్చాను, పిండి, పౌడరు, వేడి ఏవీ మార్చకుండా.

మామూలు మైల్డ్ లాగర్: బాగా పొంగింది. పైన పెంకు కరకర, లోపల మెత్తన. రుచి ఫరవాలేదు, బీరు ఉందని చెబితే తప్ప తెలియదు.

స్ట్రాంగ్ లాగర్: అంతే పొంగింది. కోసినప్పుడు వాసన గుప్పుమంది. అమ్మ ఆ పూట తలుపు వేసుకుంది.

గోధుమ బీరు: నాకు నచ్చింది ఇదే. కాస్త అరటిపండు వాసన, కాస్త లవంగం వాసన.

నల్ల బీరు, అంటే స్టౌట్: రంగు చూసి మురిసిపోయాను, నోట్లో పెట్టుకుంటే కాకరకాయ. నీరు ఆవిరై పోతుంది గానీ హాప్స్ చేదు ఎక్కడికీ పోదు, ఉన్నచోటే చిక్కబడుతుంది. రెండోసారి పంచదార బదులు బెల్లం వేస్తే దారికొచ్చింది.

అయిదో వారం కుదురుగా ఆలోచిస్తే ఒక అనుమానం వచ్చింది. నాలుగు రకాలూ ఇంచుమించు ఒకే ఎత్తు పొంగాయి. మరి పొంగించింది ఎవరు? టెస్టింగ్ చేసేవాళ్లకు తెలుసు, అనుమానమొచ్చినప్పుడు ఆ భాగం పీకేసి చూడాలి. బీరు తీసేసి, అదే కొలతకు గోలీసోడా పోశాను.

అంతే పొంగింది! అచ్చం అంతే. అమ్మ హాయిగా రెండు ముక్కలు తింది.

ఇప్పుడు ఉల్టా. బీరు ఉంచి బేకింగ్ పౌడరు తీసేశాను. మైల్డ్ లాగరుతో పిండి కలిపి పన్నెండు గంటలు మూతపెట్టి ఉంచాను. ఒక్క బుడగ లేదు. కాల్చితే వచ్చింది ఇటుక. వాచ్‌మన్ దాన్ని గేటుకు అడ్డం పెట్టుకుంటానన్నాడు, ఇచ్చేశాను.

అంటే బీరు రొట్టెను పొంగించేది బీరు కాదు, బేకింగ్ పౌడరు. బీరు చేసేది రుచి, రంగు, కాస్త గ్యాసు, అంతే. సీసా బీరును వడగడతారు, వేడి చేస్తారు. అందులో ఈస్టు బతికి ఉండదు. మరి "బీరు రొట్టె" అని పేరెందుకు పెట్టుకున్నట్టు? అక్కడ మొదలైంది నా చదువు.

ఒకప్పుడు రొట్టె, బీరు ఒకే వంటింటి బిడ్డలు. ఎవరు ముందు పుట్టారన్నది ఇంకా తేలలేదు. మనుషులు ధాన్యం పండించడం మొదలెట్టింది రొట్టె కోసమా, బీరు కోసమా అని 1953లో అమెరికాలో పండితులు ఒక పత్రికలో వాదించుకున్నారు. 2018లో ఆ వాదన మళ్లీ వేడెక్కింది. ఒకే ఏడు రెండు వార్తలు: జోర్డాన్లో పద్నాలుగు వేల నాలుగు వందల ఏళ్ల నాటి మాడిన రొట్టె ముక్కలు దొరికాయి, ఇజ్రాయెల్లోని ఒక గుహలో దాదాపు పదమూడు వేల ఏళ్ల నాటి రాతి గుంటల్లో బీరులాంటిది కాచిన ఆనవాళ్లు దొరికాయి. రెండూ వ్యవసాయం పుట్టకముందువే.

సుమేరియాలో నింకాసి అని బీరుకొక దేవత ఉండేది. ఇంచుమించు క్రీస్తుపూర్వం 1800 నాటి మట్టిపలకల మీద ఆవిడ స్తోత్రం ఉంది. అందులో బప్పిర్ అనే పదార్థంతో బీరు చేస్తారు. అది ఒక రకం రొట్టె అని చాలాకాలం అనుకున్నారు, కాదు పులియబెట్టిన పిండి అని ఇప్పుడు కొందరంటున్నారు. మన ఇళ్లలో పులిసిన దోసెల పిండిని చూసినవాళ్లకు ఆ రెంటికీ మధ్య గోడ ఎంత పలచనిదో వేరే చెప్పక్కర్లేదు. ఈజిప్టులో పిరమిడ్లు కట్టినవాళ్లకు కూలి రొట్టెలు, బీరు. రెండూ తిండి కిందే లెక్క.

ఇక అసలు సిసలు బీరు రొట్టె గురించి రాసింది రోమన్ రచయిత ప్లినీ, మొదటి శతాబ్దంలో. గాల్, స్పెయిన్ దేశాలవాళ్లు ధాన్యం నానబెట్టి మద్యం చేసుకుంటారనీ, దాని మీద తేలిన నురుగును పిండిలో కలుపుతారనీ, అందుకే వాళ్ల రొట్టె మిగతావాళ్ల రొట్టెకన్నా తేలిగ్గా ఉంటుందనీ రాశాడు. చూశారా, కలిపింది బీరును కాదు, బీరు మీది నురుగును. ఆ నురుగులోనే ఈస్టు ఉండేది. ఇంగ్లండులో పదిహేనో శతాబ్దంలో దాన్ని "గాడ్ ఈజ్ గుడ్" అని పిలిచేవాళ్లు. ఎలా పనిచేస్తుందో తెలియదు, పనిచేస్తోంది, దేవుడి దయ! మనం పాత కోడు ముట్టుకోనట్టే.

1516లో బవేరియాలో బీరు శుద్ధి చట్టం చేశారు. బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదన్నారు. ఈస్టు పేరు ఆ జాబితాలో లేనే లేదు.

ఫ్రాన్సులో కథ ఇంకా తమాషాగా ఉంటుంది. బీరు నురుగుతో చేసిన మెత్తటి రొట్టెల మీద పదిహేడో శతాబ్దంలో పారిస్ జనం మోజుపడ్డారు. అది ఒంటికి మంచిది కాదని 1668లో పారిస్ వైద్యుల సభ ఓటేసి తీర్మానించింది. కేసు కోర్టుకెళ్లింది. 1670లో కోర్టు, తాజాగా తీసిన నురుగైతే వాడుకోవచ్చని తీర్పిచ్చింది. డాక్టర్లు వద్దన్నా జనం తినడం మానలేదు లెండి.

మరి ఈ జంట ఎప్పుడు విడిపోయింది? నాకు దొరికిన జవాబు: లాగర్ వచ్చినప్పుడు.

పాత బీర్లలో ఈస్టు పైకి తేలేది. బీరు చేసేవాడు పై నురుగు తీసి పక్కింటి రొట్టెలవాడికి అమ్మేవాడు, ఇద్దరికీ లాభం. లాగర్ ఈస్టు వేరు. చలిలో, పది డిగ్రీల దగ్గర నెమ్మదిగా పనిచేసి అడుక్కి దిగిపోతుంది. ఇది మామూలు ఈస్టుకూ, చలికి తట్టుకునే ఒక అడవి ఈస్టుకూ పుట్టిన సంకరం. ఆ అడవి తండ్రి ఎవరో 2011 దాకా తెలియలేదు, దక్షిణ అమెరికా కొసన పాటగోనియా అడవుల్లో దొరికాడు. 1841లో వియన్నాలో ఆంటన్ డ్రెహర్ లాగర్ మొదలెట్టాడు. జనం ఎగబడ్డారు, మిగతా బట్టీలు కూడా లాగర్‌కు మారాయి. వియన్నా రొట్టెలవాళ్లకు నురుగు కరువైంది. బీరుతో పనిలేకుండా ఈస్టు తయారుచేసే మార్గం చూపినవాడికి బహుమతి ఇస్తామని వాళ్లు ప్రకటించాల్సి వచ్చింది. అలా పుట్టింది అచ్చుల్లో నొక్కి అమ్మే ఈస్టు. 1867 పారిస్ ప్రదర్శనలో వియన్నా రొట్టెకు పెద్ద పేరొచ్చింది. మరుసటేడు అమెరికాలో ఫ్లైష్మన్ కంపెనీ ఈస్టు వ్యాపారం పెట్టింది. 1883లో కార్ల్స్‌బర్గ్ లాబొరేటరీలో ఎమిల్ హాన్సెన్ లాగర్ ఈస్టును ఒక్క కణం నుంచి పెంచి చూపించాడు. ఇక బీరు ఈస్టు ఫ్యాక్టరీలో, రొట్టె ఈస్టు ప్యాకెట్టులో. కోడు ఫోర్క్ అయిపోయింది, మళ్లీ మెర్జ్ కాలేదు.

బేకింగ్ పౌడరు కూడా ఆ కాలపుదే. 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు తయారుచేశాడు. వాళ్లావిడకు ఈస్టు పడదు, ఆవిడ కోసమని చేశాడు. అంటే నేను చేసిన బీరు రొట్టెలో ఈ రెండు ముక్కలూ ఉన్నాయి. ఈస్టు చచ్చిపోయిన లాగరు ఒకటి, ఈస్టు పడని ఇల్లాలి కోసం పుట్టిన పౌడరు ఒకటి. ఆ రొట్టెలో పేరుకే బీరు, పాత చుట్టరికపు జ్ఞాపకం అంతే.

మన దేశానికి బీరు ఫ్యాక్టరీ 1850ల్లో వచ్చింది, హిమాలయాల్లో కసౌలీ దగ్గర. పెట్టినవాడు ఎడ్వర్డ్ డయ్యర్. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ ఇతని కొడుకే. సరే, దక్షిణాదికి ఈస్టు ఎక్కడిది? ఇక్కడి ఎండల్లో సీమ నుంచి వచ్చే నురుగు బతకదు. అందుకని ఇక్కడ రొట్టెలు చేసినవాళ్లు కల్లు వాడారు. గోవాలో పోర్చుగీసువాళ్ల దగ్గర రొట్టె నేర్చిన పొదేర్లు కొబ్బరి కల్లుతో పిండి పులియబెట్టేవాళ్లు. కేరళలో అప్పానికి కల్లు పోయడం ఇప్పటికీ ఉంది. మద్రాసు వైపు తెల్లవాళ్ల రొట్టెలకూ కల్లే పులుపు.

ఇది చదివాక ఊరుకోగలనా? నా చుట్టూ ఏముందో అప్పుడు చూశాను. రావిర్యాల చెరువు అవతల ఇంకా కొన్ని ఈతచెట్లు మిగిలి ఉన్నాయి. వెంచర్ల హద్దురాళ్ల మధ్య నిలబడి ఉంటాయి. పొద్దున్నే మోకు భుజాన వేసుకుని ఒక గౌడన్న వస్తాడు. వెళ్లి అడిగాను.

"ఎంత గావాలె సారూ?"

"ఒక గ్లాసు చాలన్నా. రొట్టెలోకి."

"తాగనీకి గాదా?" అని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "గిన్నేండ్లల్ల గిట్ల అడిగినోడివి నువ్వొక్కడివే. పొద్దుగాల దించింది తీస్కపో. మాపటిది పులుపెక్కుతది."

కల్లు లోపలి సంగతి తెలుసా? చెట్టు నుంచి కారేటప్పుడు అది వట్టి తియ్యటి రసం. లొట్టిలో పడ్డ క్షణం నుంచి పులియడం మొదలవుతుంది, ఎందుకంటే నిన్నటి కల్లు తాలూకు ఈస్టు లొట్టి గోడలకు అంటుకుని ఉంటుంది. లోపల సున్నం పూస్తే అది ఆగుతుంది, అప్పుడది నీరా. ఈస్టుతో పాటు పులుపు పుట్టించే బ్యాక్టీరియా, జైమోమోనాస్ అని చురుకైన ఇంకో సూక్ష్మజీవి కూడా కల్లులో ఉంటాయి. అందుకే కల్లు నిమిష నిమిషానికీ మారిపోతుంది.

ఒక జాగ్రత్త: ఇది చెట్టు దగ్గర మన కళ్లెదుట దించిన కల్లైతేనే. కాంపౌండుల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం లాంటి మందులు కలిపిన కేసులు మనకు కొత్త కాదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాల్చినంత మాత్రాన ఆ మందులు పోతాయనుకోకండి.

అదే వారం బ్రసెల్స్ ఆన్‌సైటు నుంచి దిగిన మిత్రుడొకడు, ఎయిర్‌పోర్టు నుంచి పోతూ పోతూ ఒక షిమే సీసా ఇచ్చిపోయాడు. బెల్జియంలో క్రైస్తవ సన్యాసుల మఠంలో చేసే బీరు. దాన్ని వడగట్టరు, సీసాలోనే మళ్లీ పులుస్తుంది, అడుగున మడ్డిలో ఈస్టు బతికి ఉంటుంది. పైది మిత్రుడూ నేనూ ఏం చేశామన్నది ఇక్కడ అప్రస్తుతం. అడుగు మడ్డిని కాస్త పిండి, నీళ్లు, చిటికెడు పంచదారలో వేసి రెండు రోజులు ఉంచాను. బుడగలొచ్చాయి.

ఆ ఆదివారం వాష్ ఏరియాలో మూడు గిన్నెలు. బేకింగ్ పౌడరు ఎందులోనూ లేదు. లాగరు గిన్నె ఎప్పట్లాగే నిద్రపోయింది. షిమే మడ్డి గిన్నె పది గంటలకు రెండింతలైంది. కల్లు గిన్నె మూడున్నర గంటల్లో మూత ఎత్తేసింది! హైదరాబాదులో బ్రెడ్డును డబల్ రోటీ అని ఎందుకంటారో ఆ రోజు కళ్లారా చూశాను. కాల్చితే కాస్త పుల్లగా, గారెల పిండి వాసనతో, పట్టులా సాగే రొట్టె. రెండు వేల ఏళ్ల కిందట ప్లినీ చెప్పిన తేలిక రొట్టె ఇలాగే ఉండేదేమో.

అమ్మ వచ్చి మూడు గిన్నెలూ చూసింది. ఏది ఏదో చెప్పాను, దాచలేదు. కల్లు రొట్టె వాసన చూసి పక్కన పెట్టింది. షిమే మడ్డితో పెంచిన పిండి ఒక సీసాలో మిగిలితే, దాన్నిట్టా రోజూ కాస్త పిండి వేసి బతికిస్తానని చెప్పాను.

"మా అమ్మ తరవాణి కుండ లాగానా?" అంది.

తరవాణి తెలుసు కదా, అన్నం, గంజి, నీళ్లు పులియబెట్టి పొద్దున్నే తినేది. అమ్మమ్మ ఆ కుండను ఏనాడూ పూర్తిగా వంచేది కాదట. అడుగున కాస్త ఉంచి, దాని మీదే కొత్త గంజి పోసేదట. కుండ ఎండిపోతే పక్కింటి నుంచి గరిటెడు తెచ్చుకునేవాళ్లట.

"అదీ పులిసిందేగా అమ్మా, ఇదీ పులిసిందే. మరి ఇదెందుకు వద్దు?"

కాసేపు ఆలోచించింది. "దానికి ఎవురూ పాట పాడలేదు గదరా," అంది.

ఇన్నాళ్లూ చదివి నేను పట్టుకోలేనిది అదే. బీరైనా కల్లైనా సారా అయినా, పక్కింటి నుంచి గరిటెడు తెచ్చుకునే సరుకుగా ఉన్నంతకాలం అది వంట. ఫ్యాక్టరీకెక్కి, వేలంలో ఒకడి సొంతమై, దాని అమ్మకం మీద ఖజానా ఆధారపడ్డాక అది ఇంకొకటి. 1992లో అమ్మ కూర్చున్నది పులిసినదానికి వ్యతిరేకంగా కాదు, ఆ పాటకు వ్యతిరేకంగా. నేను ఆల్కహాలు మిల్లీలీటర్లు లెక్కబెట్టి చెప్పి గెలుద్దామనుకున్నాను.

అయితే అమ్మ రూలు మారలేదు. బీరు సీసా ఇప్పటికీ వంటింట్లోకి రాదు. బీరు రొట్టె తినాలనిపిస్తే వాష్ ఏరియాలో చేసుకుంటాను, గోధుమ బీరుతో, బేకింగ్ పౌడరు వేసి. మీకూ అదే చెబుతాను. పొంగడానికి పౌడరు, రుచికి బీరు, నల్ల బీరైతే బెల్లం మర్చిపోకండి. ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటే గోలీసోడా.

పిండి సీసా మాత్రం వంటింట్లోకి వచ్చేసింది. పాత హార్లిక్స్ సీసాలో, ఉప్పు డబ్బా పక్కన. పోయిన వారం రిలీజు వల్ల రెండు రాత్రులు ఆఫీసులోనే ఉండిపోయాను. ఈపాటికి చచ్చిపోయుంటుందనుకుంటూ వచ్చి చూస్తే బుడగలేస్తోంది. అమ్మ నడిగితే, "నీ కుండకు నేనే పిండి వేశాలే," అంది.